ఛాతీమంట మాత్రయు, కోవిడ్ జ్వరమును

పొట్టలోని పులుపును అణచుటకు పుట్టిన మాత్ర ఊపిరితిత్తులను పట్టిన జ్వరమును తగ్గింపగలదా? 2020వ సంవత్సరపు వేసవిలో ఈ ప్రశ్న అమెరికాలో పుట్టి, కొలది దినములలోనే ప్రపంచమంతట వ్యాపించినది. ఆ మాత్ర పేరు ఫామోటిడిన్. పులిత్రేనుపులు వచ్చి ఛాతీలో మంట పుట్టినప్పుడు వేసికొనునట్టిది. అమెరికాలో 'పెప్సిడ్' అను పేరుతో, వైద్యుని చీటీ అక్కరలేకుండ, ఏ అంగడిలోనైనను దొరకునట్టిది. ఇక ఆ జ్వరము కోవిడ్.

న్యూయార్కు, న్యూజెర్సీ ప్రాంతములలో మన తెలుగు కుటుంబములు అనేకము స్థిరపడియున్నవి. అక్కడి మాట ఇక్కడి ఇంటికి చేరుటకు నేడు క్షణకాలము చాలును. అక్కడ ఒకరు వేసికొన్న మాత్ర పేరు ఇక్కడ మరియొకరి చెవిని పడుటయు, చెవిని పడిన పేరు మందుల దుకాణము మెట్లు ఎక్కుటయు సహజము. కావున ఈ విషయము మనకు దూరమైనది కాదు.

మేము వైద్యులము కాము. ఈ ప్రసంగము మందు చెప్పుటకు ఉద్దేశింపబడినదియు కాదు. ఒక మందును గురించి 'గుణమిచ్చినది' అను మాట ఎట్లు పుట్టినది, ఆ మాటను శాస్త్రజ్ఞులు ఎట్లు తూచిరి, తుదకు తూనికలో ఏమి తేలినది - ఇంతమాత్రమే చెప్పదలచితిమి. ఏలయన, ఈ కథ తెలిసినవారికి రేపు వేరొక మందును గురించి ఇట్టి మాటయే వినవచ్చినప్పుడు ఏమి అడుగవలెనో తెలియును.

మొదట ఆ మందు సంగతి. మన శరీరములో హిస్టమిన్ అను ఒక పదార్థము కలదు. 1910 ప్రాంతమున ఇంగ్లాండులో హెన్రీ డేల్, జార్జి బార్జరు, లెయిడ్లా అనువారు దాని గుణములను శోధించిరి. దద్దురులు లేచుట, ముక్కు కారుట, తుమ్ములు వచ్చుట మున్నగువానిలో దాని పాలు ఉన్నది. పొట్టలో ఆమ్లము ఊరుటకును అదియే ఆజ్ఞ ఇచ్చును. తుమ్ములను ఆపు మందులు ఏనాడో వచ్చినవి గాని, అవి పొట్టలోని ఆమ్లమును ఆపలేకపోయినవి. ఒకే హిస్టమిన్‌కు శరీరములో వేరువేరు ద్వారములు కలవనియు, ముక్కు దగ్గర మూసిన తాళము పొట్ట దగ్గర పనిచేయదనియు క్రమముగా తెలియవచ్చినది. పొట్టలోని ద్వారమునకు సరియైన తాళమును వెదకినవాడు జేమ్స్ బ్లాక్ అను స్కాట్లండు శాస్త్రజ్ఞుడు. ఆయన కృషివలన సిమెటిడిన్ అను మందు 1976లో బ్రిటనులో విక్రయమునకు వచ్చెను. 1988లో ఆయనకు నోబెల్ బహుమానము మరి ఇరువురితో కలిపి లభించెను. ఆ జాతికి చెందినదే ఫామోటిడిన్. దీనిని జపానులోని యమనౌచి సంస్థవారు రూపొందించిరి. అమెరికాలో 1986లో వైద్యుని చీటీపై ఇచ్చు మందుగా అనుమతి పొంది, 1995 నుండి చీటీ లేకుండ అమ్ముడుపోవుచున్నది. మన ఇండ్లలో చిరకాలము వాడబడిన రానిటిడిన్ కూడ దీని సోదరియే.

ఇట్టి మాత్రకు కోవిడ్‌తో సంబంధము ఎట్లు కలిగినది? చైనాలోని ఊహాన్ నగరమున ఈ వ్యాధి తొలుత ప్రబలినప్పుడు అక్కడి వైద్యులతో కలసి పనిచేసిన అమెరికను వైద్యుడు మైకేల్ కాలహాన్. అక్కడి రోగుల వివరములు పరిశీలించుచుండగా ఒక చిత్రమైన విషయము కంటబడినదట. ఛాతీమంటకు మందు వాడుచుండిన వృద్ధులలో, ధర తక్కువైన ఫామోటిడిన్ వాడు పేద గ్రామస్థులు, ఖరీదైన ఒమెప్రజోల్ వాడు సంపన్నులకంటె ఎక్కువగా బ్రతికి బయటపడుచున్నట్లు తోచినదట. ఇది తోచుటయే గాని, ఆనాటికి అచ్చులో వెలువడిన లెక్క కాదు. అయినను దీనిని ఆధారముగా గొని న్యూయార్కులోని నార్త్‌వెల్ వైద్యసంస్థవారు, ఛాతీమంటకు ఇచ్చుదానికి తొమ్మిది రెట్ల మోతాదును రక్తనాళము ద్వారా ఎక్కించి పరీక్షింపసాగిరి. మాట ముందుగా పొక్కినచో మందు నిల్వలు కరగిపోవునని జంకి వారు కొంతకాలము గోప్యముగా ఉంచిరి. 2020 ఏప్రిల్ చివరలో 'సైన్స్' పత్రిక ఈ వార్తను ప్రకటించెను.

వారి భయము నిజమయ్యెను. వార్త వెలువడిన వెంటనే అమెరికా అంగళ్ళలో ఫామోటిడిన్ అరలు ఖాళీ కాసాగినవి. ఇందుకు మరియొక కారణము తోడయ్యెను. రానిటిడిన్‌లో క్యాన్సరు కలిగించు అవకాశముగల మలినము ఏర్పడుచున్నదని, ఆ ఏప్రిల్ 1వ తేదీననే అమెరికా ఔషధాధికారులు దానిని బజారు నుండి తీసివేయుడని కోరియుండిరి. దానిని వాడువారు అప్పటికే ఫామోటిడిన్ వైపు మరలుచుండిరి. ఫలితముగా నిజముగా ఛాతీమంటతో బాధపడువారికే మాత్ర దొరకని స్థితి వచ్చెను. రుజువు కాని మాటకు మొదటి మూల్యమును చెల్లించినవారు వీరు.

మాటను తూచు పని అప్పుడు మొదలయ్యెను. తొలి తూనిక ఆసుపత్రి రికార్డులనుండి వచ్చినది. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయము వైద్యులు, కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరిన 1,620 మంది వివరములు చూచిరి. వారిలో 84 మందికి, చేరిన ఒక దినములోపల ఏదో ఒక కారణముచేత ఫామోటిడిన్ ఇచ్చియుండిరి. ఆ 84 మందిలో మరణించినవారు గాని, శ్వాసయంత్రమునకు గొట్టము వేయవలసివచ్చినవారు గాని తక్కినవారికంటె తక్కువగా కనబడిరి. ఆ పరిశోధకులు ఇంకొక తెలివియైన పని చేసిరి. పొట్టలోని ఆమ్లమును మరింత గట్టిగా ఆపు ఒమెప్రజోల్ జాతి మందులు వాడినవారిని కూడ పరిశీలించిరి. వారిలో ఇట్టి మేలు కానరాలేదు. కావున నిజముగా మేలు కలిగినయెడల అది పులుపు తగ్గుటవలన వచ్చినది కాదనియు, మరేదో మార్గమున వచ్చినదనియు ఊహింపవలసియున్నది.

రెండవ తూనిక చాల చిన్నది, కాని మనసును ఆకర్షించునది. ఆసుపత్రికి పోక ఇంటిలోనే ఉండి, ఎక్కువ మోతాదులో ఫామోటిడిన్ వేసికొన్న పదిమంది రోగుల అనుభవమును 2020 జూన్‌లో 'గట్' అను వైద్యపత్రిక ప్రకటించెను. వారిలో పెక్కురు 80 మిల్లీగ్రాముల చొప్పున దినమునకు మూడుసార్లు వేసికొనిరి. చీటీ లేకుండ అమ్ము మాత్ర 10 లేక 20 మిల్లీగ్రాములది; దినమునకు రెండు మాత్రలు దాటరాదని పొట్లముపై వ్రాసియుండును. అనగా వీరు వేసికొన్నది మామూలు హద్దునకు ఆరు రెట్లు. ఒకటి రెండు దినములలోనే దగ్గు, ఆయాసము, నీరసము తగ్గినట్లు వారు చెప్పిరి.

ఇక్కడ మనము కొంచెము ఆగవలెను. పదిమంది ఒకే మాట చెప్పుచుండగా నమ్మకుండుట ఎట్లు? వారు అబద్ధమాడిరని ఎవరును అనరు. వారికి గుణము కనబడినది నిజము. అది మాత్రవలన కనబడినదా అన్నదే ప్రశ్న. శ్వాసకోశమునకు పట్టు వైరస్ జ్వరములు చాలవరకు తమంతట తామే ఎక్కి, తమంతట తామే దిగును. మనిషి మందు కొరకు చేయి చాచునది బాధ శిఖరమునకు చేరిన దినమున. శిఖరము తరువాత త్రోవ క్రిందికే గదా! ఆ దినమున ఏ కషాయము త్రాగినను, ఏ మాత్ర మ్రింగినను, మరునాడు కలిగిన నెమ్మది దాని ఖాతాలోనే జమపడును. పైగా మందు పడినదన్న ధైర్యమే కొంత బాధను మరపించును. ఇంకొక మెలిక కూడ కలదు: గుణము కనబడినవారు పదిమందికి చెప్పుదురు, కనబడనివారు మాత్రను మరచి ఊరకుందురు. మన చెవికి చేరునవి మొదటివారి మాటలే.

రికార్డుల లెక్కలోను ఇట్టి చిక్కే యున్నది. మందు పడినవారును పడనివారును మొదటినుండియు సమానులు కాకపోవచ్చును. నోటితో మాత్ర మ్రింగగల స్థితిలో ఉన్నవానికిని, స్మారకము తప్పినవానికిని పోలిక పెట్టినచో మాత్ర గెలుచుట వింత కాదు. పరిశోధకులు ఇట్టి భేదములను లెక్కలతో సరిచూడ యత్నింతురు గాని, కంటికి కనబడని భేదమును ఏ లెక్కయు సరిచూడలేదు. కావుననే తరువాతి తూనికలు వేరుగా వచ్చినవి. హాంకాంగులో 900 మందికి పైగా రోగుల వివరములు చూచినవారికి ఫామోటిడిన్ వలన వ్యాధితీవ్రతలో భేదము కానరాలేదు. అమెరికాలోని ఒక పెద్ద ఆసుపత్రుల సముదాయములో 7,158 మందిని పరిశీలించి 2021లో ప్రకటించిన లెక్కలోను, ముప్పది దినములలోపు మరణములు ఈ మందువలన తగ్గినట్లు తేలలేదు. మొదటి మాటకు మూలమైన నార్త్‌వెల్ వారి ఆసుపత్రి పరీక్షయు, న్యూయార్కులో వ్యాధి ఉధృతి తగ్గి రోగులు చాలకపోవుటచేత, అనుకొన్న సంఖ్య నిండకయే నిలిచిపోయినది.

ఇట్టి సందిగ్ధమును తీర్చుటకు శాస్త్రజ్ఞులు ఎరిగిన ఉపాయము ఒకటియే. రోగులను రెండు జట్లుగా చేయవలెను. ఎవరు ఏ జట్టులో చేరుదురో చీటీలు తీసిన రీతిగా దైవికముగా నిర్ణయింపవలెను. ఒక జట్టునకు మందుగల మాత్ర, రెండవ జట్టునకు చూపునకు అట్లే యుండి మందులేని మాత్ర ఇయ్యవలెను. ఎవరికి ఏది అందినదో పరీక్ష ముగియువరకు రోగికిని తెలియరాదు, వైద్యునికిని తెలియరాదు. అప్పుడు తనంతట తాను తగ్గు జ్వరము ఇరువైపుల సమానముగా తగ్గును. ధైర్యము ఇరువైపుల సమానముగా పనిచేయును. మిగిలిన భేదము మాత్రమే మందుది.

2021 ఆరంభమున నార్త్‌వెల్, కోల్డ్ స్ప్రింగ్ హార్బరు పరిశోధకులు అట్టి పరీక్షనే చేసిరి. తీవ్రత లేని, ఇంటిలోనే ఉన్న 55 మంది రోగులు అందులో చేరిరి. 27 మందికి ఫామోటిడిన్, 28 మందికి మందులేని మాత్ర వచ్చినవి. మోతాదు ముందు చెప్పినదే: 80 మిల్లీగ్రాములు, దినమునకు మూడుసార్లు, పదునాలుగు దినములు. రోగులెవరును ఆసుపత్రి గడప త్రొక్కలేదు. ఉష్ణమాపకము, ఆక్సీమీటరు వంటి పరికరములను వారి ఇండ్లకే పంపి, వైద్యులు దూరమునుండియే విచారించుచుండిరి.

ఫలితములు 2022లో వెలువడినవి. వానిని రెండు ముక్కలుగా చెప్పవలెను. ఒక ముక్కను మాత్రమే చెప్పుట న్యాయము కాదు. పరీక్షకు ముఖ్యమైన కొలత బాధలు తీరుటకు పట్టిన కాలము. ఆ కొలతలో రెండు జట్లకును నడుమ గణితశాస్త్రము ఒప్పుకొనదగిన భేదము తేలలేదు. ఇది మొదటి ముక్క. ఇక రెండవది: బాధలు దిగివచ్చిన వేగమును చూచినప్పుడు, మొదటినాటి బాధ సగమునకు తగ్గుటకు ఫామోటిడిన్ జట్టువారికి 8.2 దినములు, రెండవ జట్టువారికి 11.4 దినములు పట్టినట్లు అంచనా వచ్చినది. అనగా సుమారు మూడు దినముల లాభము. శరీరములోని వాపునకు సంబంధించిన కొన్ని సూచనలును మందు పడినవారిలో త్వరగా తగ్గినవి. కాని 55 మంది అనునది ఒక పెండ్లి పందిరిలో రెండు మూడు పంక్తుల భోజనమునకు చాలని సంఖ్య. అంత చిన్న పరీక్ష ఆశను పుట్టింపగలదు గాని, తీర్పు చెప్పలేదు. ఆ పరిశోధకులు కోరినదియు మరింత పెద్ద పరీక్షనే.

ఒకవేళ లాభమున్నచో అది ఎట్లు కలుగును? మొదట గణనయంత్రముల సహాయమున లెక్కవేసి, ఈ మందు వైరస్ యొక్క ఒక ముఖ్యభాగమునకు అంటుకొని దానిని ఆపునని కొందరు ఊహించిరి. ప్రయోగశాలలో జీవకణములపై చూచినప్పుడు అది వైరస్ పెరుగుదలను ఆపలేదు. తరువాత దృష్టి వైరస్ నుండి శరీరమునకు మరలినది. కోవిడ్‌లో చాలమంది ప్రాణమునకు ముప్పు తెచ్చునది వైరస్ కంటె, దానిని ఎదిరింపబోయి హద్దుమీరిన శరీరముయొక్క వాపు. హిస్టమిన్‌ను అణచుటవలన ఆ వాపు కొంత శాంతించునేమో అని ఒక అభిప్రాయము. మెదడునుండి పొట్టవరకు దిగు వేగస్ నాడి ద్వారా ఈ మందు వాపును అదుపుచేయుచున్నదని ఎలుకలపై చేసిన ప్రయోగములను 2022లో ప్రకటించిరి. ఇవి ఆలోచింపదగిన దారులు. ఇంకను గమ్యము కావు.

ఈ కథ ప్రక్కన మరియొక కథను ఉంచి చూచుట మంచిది. డెక్సామెథసోన్ కూడ పాతది, చవుకైనది. బ్రిటనులో 'రికవరీ' అను పరీక్షలో 2,104 మందికి ఆ మందు ఇచ్చి, మామూలు చికిత్స పొందిన 4,321 మందితో పోల్చిరి. ఎవరికి ఏది ఇచ్చుట అను నిర్ణయము ఇక్కడను దైవికమే. శ్వాసయంత్రముపై ఉన్నవారిలో మరణములు సుమారు మూడవవంతు, ఆక్సిజను మాత్రము పొందుచున్నవారిలో సుమారు అయిదవవంతు తగ్గినట్లు 2020 జూన్‌లో తెలిసినది. ఆక్సిజను అవసరము లేనివారికి ఎట్టి మేలును కలుగలేదు. ఆ పరీక్షయందే హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను కూడ తూచిరి. ప్రపంచమంతయు ఆశపడిన ఆ మందు తూనికలో తేలిపోయెను. చవుకమందు అని ఒకదానిని నెట్టివేయలేదు. పేరుపొందినదని మరియొకదానిని నెత్తికెత్తుకొనలేదు. ఫామోటిడిన్‌కు దక్కనిది ఇంతటి పెద్ద తూనికయే. అందుచేతనే అమెరికాలోని అంటువ్యాధి వైద్యుల సంఘము, కోవిడ్ చికిత్స కొరకని ఈ మందును వాడవలదని సలహా ఇచ్చెను.

'పోనీ, మేలు చేయకున్నను కీడు చేయదు గదా' అని శ్రోతలలో కొందరు తలపవచ్చును. ఛాతీమంటకు వాడు మోతాదులో ఇది చాలమందికి నిరపాయమైన మందే. తలనొప్పి, కన్ను తిరుగుట, మలబద్ధము, విరేచనములు కొందరికి కలుగును. కాని ఈ మందు చాలవరకు మూత్రపిండముల ద్వారానే బయటికి పోవును. అవి బలహీనమైనవారిలో అది శరీరమునందు నిలిచిపోవును. అట్టివారికి, అందును వృద్ధులకు, మనసు తికమకపడుట, మాట తడబడుట కలుగవచ్చును. మధుమేహము, రక్తపోటు చిరకాలముగా ఉన్నవారిలో మూత్రపిండములు ఎంత బలహీనమైనవో పరీక్ష చేయించినగాని తెలియదు. కొన్ని మందులు పొట్టలో పులుపు ఉన్నప్పుడే ఒంటపట్టును. శిలీంధ్రవ్యాధులకు ఇచ్చు కొన్ని మందులు ఇట్టివి. ఆమ్లమును ఆపినచో వాని బలము తగ్గును. మామూలు హద్దునకు ఆరు రెట్లు వేసికొనుట అనునది వైద్యులు కనిపెట్టియుండగా జరిగిన పరీక్షలోని సంగతి. ఇంటి అలమరలోని సంగతి కాదు.

అయినను అన్నింటికంటె పెద్ద కీడు మాత్రలో లేదు, మాత్ర ఇచ్చు భరోసాలో ఉన్నది. కోవిడ్‌లో రక్తములోని ఆక్సిజను తగ్గుచున్నను రోగికి ఆయాసము తెలియకపోవచ్చునని ఆ దినములలో వైద్యులు పదేపదే చెప్పిరి. 'మాత్ర వేసికొన్నాను, రేపటికి తగ్గును' అని పండుకొన్నవాడు పోగొట్టుకొనునది ఆ ఒక్క రాత్రియే కావచ్చును. కాని ప్రాణము నిలుపగల రాత్రియు అదియే కావచ్చును. ఆక్సీమీటరులో అంకె 94 కంటె దిగినను, ఆయాసము హెచ్చినను, పెదవులు నీలివర్ణమునకు మారినను, మనిషి మగతగా పడియున్నను, ఏ మాత్ర కొరకును నిరీక్షింపరాదు. వెంటనే వైద్యుని దరిచేరవలెను.

ఇంకొక చిన్న సంగతి. పొట్టలోని ఆమ్లము గొంతువరకు ఎగదన్నుటవలన దీర్ఘకాలము దగ్గు వచ్చువారు కొందరు కలరు. అట్టివారికి జలుబు జ్వరము తగిలినప్పుడు ఆమ్లము తగ్గించు మాత్రచేత గొంతు నెమ్మదించినచో ఆశ్చర్యము లేదు. అక్కడ తగ్గినది పులుపువలని దగ్గు, వైరస్ కాదు. రెండింటిని ఒకటిగా భావించుట పొరపాటు. వారములకొలది విడువని దగ్గునకు కారణము తెలిసికొనవలెనేగాని, మాత్రతో కప్పిపుచ్చరాదు. మనదేశములో విడువని దగ్గునకు క్షయ కూడ కారణము కావచ్చునని మరువరాదు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ కోవిడ్ అత్యవసరస్థితి ముగిసినదని 2023 మే 5వ తేదీన ప్రకటించెను. వ్యాధి మాత్రము పోలేదు. శ్వాసకోశమునకు పట్టు వేరు వైరస్‌లు ప్రతి చలికాలమున వచ్చుచునే యున్నవి. వానితోపాటు 'ఫలానా మందు గుణమిచ్చినదట' అను మాటలును వచ్చుచునే యుండును. ఆ మాటను తోసిపుచ్చనక్కరలేదు. ఊహాన్ వైద్యుల కంటబడినట్టి చిన్న విషయములనుండియే గొప్ప మందులు పుట్టిన ఉదాహరణములు కలవు. కాని అట్టి మాట విన్నప్పుడు మూడు ప్రశ్నలు అడుగుట మన విధి. ఎంతమందికి ఇచ్చి చూచిరి? ఇయ్యనివారితో పోల్చిరా? ఎవరికి ఇయ్యవలెనో ఎట్లు నిర్ణయించిరి? ఈ మూడింటికిని సరియైన సమాధానము వచ్చువరకు ఛాతీమంట మాత్రను ఛాతీమంటకే ఉంచి, జ్వరమునకు విశ్రాంతి, నీరు, వైద్యుని సలహా అను పాత త్రోవనే నమ్ముట శ్రేయస్కరము.